ఆసుపత్రి భవనానికి పెట్టిన ప్రజాధనం లెక్క చూడటం ఎలా?

“మా కాలనీలో ఆరోగ్య కేంద్రం కట్టారండీ. బోర్డు మీద కోటి రూపాయలని రాశారు. చూస్తే కోటి రూపాయల పనిలా లేదు. ఎవరిని అడగాలి?” మా విశాఖలో ఒకసారి మధురవాడ నుంచి, ఒకసారి గాజువాక నుంచి, మొన్న పెందుర్తి నుంచి ఇదే ప్రశ్న. అడిగిన ప్రతివారికీ అరగంట చెప్పే బదులు ఒకసారి రాసిపెడితే నయమనిపించింది. సర్కారు పనులకు కొలతలు రాసి, బిల్లులు కట్టి పదవీ విరమణ చేసినవాడిని కాబట్టి కాగితాలు ఏ బీరువాలో ఉంటాయో కొంత తెలుసు.

ముందే ఒక మాట. “చూస్తే కోటిలా లేదు” అన్నది ఫిర్యాదు కాదు. ఆ మాట పట్టుకుని మహారాణిపేటలోని కలెక్టరేట్‌కు వెళితే అర్జీ తీసుకుంటారు, రసీదు ఇస్తారు, అంతటితో సరి. “ఎం బుక్‌లో టైల్స్ 90 చదరపు మీటర్లని రాశారు, నేలమీద 82 ఉన్నాయి” అనండి, అప్పుడు ఎవరో ఒకరు టేపు పట్టుకుని రాక తప్పదు. (ఎం బుక్ అంటే చేసిన పనిని ఇంజనీర్లు కొలిచి రాసే పుస్తకం.) ఇక్కడ చెప్పేదంతా ఆ ఒక్క వాక్యం రాయగలిగే స్థితికి మిమ్మల్ని తీసుకురావడానికే.

దగ్గర ఉంచుకోవలసినవి

30 మీటర్ల టేపు, 5 మీటర్ల టేపు ఒక్కోటి. గీతల నోటుబుక్కు, కాలిక్యులేటర్. పది రూపాయల పోస్టల్ ఆర్డర్లు నాలుగైదు. తేదీ, సమయం కనిపించేలా ఫొటో తీసే ఫోను. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఇంకొక మనిషి. ఆయన తరువాత సాక్షిగా నిలబడగలిగినవారైతే మరీ మంచిది. ఇంజనీరింగ్ చదువు అక్కరలేదు. పొడవు, వెడల్పు, మందం గుణించడం వస్తే చాలు.

1. పని ఎవరిదో తేల్చుకోండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆసుపత్రి కనుక వైద్యాధికారిని అడుగుతారు. పాపం, ఆయన దగ్గర తాళంచెవి తప్ప కాగితాలేవీ ఉండవు. భవనం కట్టేది ఒకరు, వాడుకునేది ఇంకొకరు.

నగరంలోని 98 వార్డుల్లో పట్టణ ఆరోగ్య కేంద్రం అయితే ముందుగా జీవీఎంసీ, అంటే విశాఖ నగరపాలక సంస్థ, ఇంజనీరింగ్ విభాగాన్ని అడగండి. ప్రభుత్వ ఆసుపత్రులు, వైద్య కళాశాలల పనులు ఎక్కువగా ఏపీఎంఎస్ఐడీసీ (రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ) చూస్తుంది. మందులు కొనే సంస్థ, భవనాలు కట్టే సంస్థ రెండూ అదే. పల్లెల్లో ఉపకేంద్రాలు చాలాచోట్ల పంచాయతీరాజ్ ఇంజనీర్ల చేతిలో ఉంటాయి. కొన్ని పెద్ద భవనాలు రోడ్లు భవనాల శాఖవి. పాడేరు వైపు అయితే గిరిజన సంక్షేమ ఇంజనీరింగ్ విభాగం.

ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా మూడు ముక్కలైంది. అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లో ఉన్న భవనమైనా, పని అంతకుముందే మంజూరై ఉంటే పాత దస్త్రం ఎక్కడుందో విచారించాకే అడుగు వేయండి.

శంకుస్థాపన రాయి మీద పేర్లు తప్ప పనికొచ్చేది ఉండదు. పని జరిగే చోట పెట్టిన సమాచార బోర్డు ఫొటో తీసుకోండి: పని పేరు, అంచనా విలువ, ఒప్పంద విలువ, పూర్తి కావలసిన తేదీ. బోర్డే లేకపోతే అది లేదన్న ఫొటో కూడా తీసుకోండి.

2. సొమ్ము ఎక్కడిదో కనుక్కోండి

ఒకే భవనానికి రెండు మూడు చోట్ల నుంచి డబ్బు రావడం మామూలే. జాతీయ ఆరోగ్య మిషన్ అయితే కేంద్రం 60, రాష్ట్రం 40 వంతు. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 2021 నుంచి 2026 వరకు దేశం మొత్తానికి 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. 2021 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య మౌలిక వసతుల మిషన్ వేరే పద్దు. నాబార్డు రుణం, ఎంపీ నిధులు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు కూడా ఉంటాయి.

ఈ వివరం దేనికంటే, ఒకే ప్రహరీగోడ రెండు పద్దుల్లో కనబడే ప్రమాదం ఉంది. కాబట్టి “ఈ ప్రాంగణంలో గత ఐదేళ్లలో అన్ని పద్దుల కింద మంజూరైన పనుల జాబితా” అని అడగండి. ఒక్క పని గురించే అడిగితే రెండోది మీ కంట పడదు.

3. దరఖాస్తు పెట్టండి, కాని “ఎందుకు” అని అడగకండి

సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద తెల్లకాగితం మీద రాస్తే చాలు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. నకలు పేజీకి 2 రూపాయలు.

“నాణ్యత ఎందుకు లేదు?”, “డబ్బు ఎవరు తిన్నారు?” అని రాస్తే, ఆ సమాచారం మా రికార్డుల్లో లేదని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. చట్టప్రకారం వారి జవాబు సరైనదే. ఉన్న కాగితాన్ని దాని పేరుతో అడగాలి. ఇలా రాయండి:

“ఫలానా భవన నిర్మాణానికి సంబంధించి (1) పరిపాలనా అనుమతి ఉత్తర్వు (2) సాంకేతిక అనుమతి పొందిన వివరమైన అంచనా (3) ఒప్పందం, అందులోని పరిమాణాలు, ధరల పట్టిక (4) కొలతల పుస్తకం అంటే ఎం బుక్‌లో ఈ పనికి చెందిన పేజీలు (5) ఇప్పటివరకు చెల్లించిన బిల్లులు (6) అదనపు పనులు ఉంటే వాటి అనుమతి, సప్లిమెంటరీ ఒప్పందం (7) కాంక్రీటు క్యూబులు, ఇనుము పరీక్షల నివేదికలు ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించగలరు. సెక్షన్ 2(జె) కింద రికార్డులను, పనిని స్వయంగా పరిశీలించే అవకాశం కూడా కల్పించగలరు.”

ఆ చివరి వాక్యం వదిలిపెట్టకండి. చాలామందికి తెలియదు గాని, కాగితమే కాదు, పనిని చూసే హక్కు, పదార్థాల ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా అదే సెక్షన్‌లో ఉన్నాయి.

గడువు 30 రోజులు. తప్పు కార్యాలయానికి పంపినా, సరైన చోటికి 5 రోజుల్లో బదిలీ చేయాల్సింది వాళ్లే. జవాబు రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, ఆ తరువాత 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. గడువు దాటాక ఇచ్చే నకళ్లకు డబ్బు తీసుకోకూడదు. “కాంట్రాక్టరు వ్యాపార రహస్యం” అంటూ బిల్లు ఇవ్వకపోతే బెదిరిపోకండి. ప్రజల డబ్బుతో కట్టిన బిల్లు రహస్యం కాదని అప్పీలులో రాయండి.

అంచనా వంద పేజీలు ఉందంటే అన్నీ కొనక్కరలేదు. ముందు వెళ్లి పరిశీలించండి. మొదటి గంటకు రుసుము లేదు. కావలసిన పేజీలు గుర్తు పెట్టుకుని వాటి నకళ్లే అడగండి. ఆ గంటలో మొట్టమొదట తెరవాల్సింది ఎం బుక్. అధికారి టీ తెప్పిస్తే తాగండి, కాని పేజీలు తిప్పడం ఆపకండి.

4. బోర్డు మీది అంకెను విడదీయండి

కోటి మంజూరైంది, కాంట్రాక్టరుతో ఒప్పందం 69 లక్షలకే అయింది, మిగతా 31 లక్షలు ఏమయ్యాయి? ఈ ప్రశ్నతో ఒకాయన పత్రికల వాళ్లను కూడా పిలిచేశారు. ఏమీ కాలేదు. లెక్క చూడండి.

పని విలువ 75 లక్షలు అనుకుందాం. దానిపై 18 శాతం జీఎస్టీ 13.50 లక్షలు, ఒక శాతం కార్మిక సంక్షేమ సెస్సు 75 వేలు. మొత్తం 89.25 లక్షలు. మిగిలిన 10.75 లక్షలు విద్యుత్ కనెక్షన్, నీటి సరఫరా, పరీక్షల ఖర్చు, అనుకోని ఖర్చు వంటి వాటికి. ఇక కాంట్రాక్టరు అంచనా కన్నా 8 శాతం తక్కువకు టెండరు వేశాడు. 75 లక్షల్లో 8 శాతం పోతే 69 లక్షలు. ఇందులో దొంగతనం లేదు.

మీరు నిజంగా చూడాల్సింది వేరే ఉంది. ఆ 8 శాతం తగ్గింపును బిల్లు చివర తీసేశారా? బిల్లులో వరుసలన్నీ అంచనా ధరలతో వేసి, మొత్తం దగ్గర తగ్గింపు వేస్తారు. పొరపాటునో, గ్రహపాటునో ఆ గీత మర్చిపోతే ఆరు లక్షలు ఒక్క కలంపోటుతో వెళ్లిపోతాయి. నా అనుభవంలో చవకగా దొరికే తప్పు ఇదే. దీనికి టేపు కూడా అక్కరలేదు.

5. మూడు కాగితాలు పక్కపక్కన పెట్టండి

ఒక పెద్ద కాగితం మీద మూడు నిలువు వరుసలు గీయండి: అంచనాలో పరిమాణం, ఒప్పందంలో పరిమాణం, చివరి బిల్లులో పరిమాణం. అన్ని అంశాలూ రాయక్కరలేదు. డబ్బు ఎక్కువ పోయే పది అంశాలు చాలు: మట్టి తవ్వకం, రాతి తవ్వకం, కాంక్రీటు, ఇనుము, ఇటుక గోడ, ప్లాస్టరింగ్, టైల్స్, తలుపులు కిటికీలు, రంగులు, ప్రహరీ.

ఎక్కడ పరిమాణం ఒక్కసారిగా పెరిగిందో అక్కడ వేలు పెట్టండి. పెరిగిందంటే మోసమని కాదు. పునాది తవ్వితే గట్టి రాయి తగలవచ్చు. ఆరిలోవ లాంటి కొండవాలు ప్రాంతాల్లో అది రోజూ చూసేదే. కాని మామూలు మట్టి తవ్వకానికి, గట్టి రాతి తవ్వకానికి ధరలో చాలా తేడా ఉంటుంది. భూమిలోకి వెళ్లిపోయినదాన్ని తరువాత ఎవరూ కొలవలేరు. అందుకే “రాయి” అని రాసిన చోట మూడు అడగండి: తవ్వకానికి ముందు తీసిన లెవెల్స్ (నేల ఎత్తుల కొలతలు), రాయి తగిలినప్పటి ఫొటోలు, తీసిన రాయి ఎక్కడికి పోయిందన్న లెక్క. మీ వీధిలో పని ఇంకా మొదటి దశలో ఉంటే మీ అదృష్టం. గుంత తవ్విన రోజే రోడ్డు మీద నిలబడి ఫొటో తీసుకోండి. గోడలు లేచాక వచ్చిన పదిమంది కన్నా గుంత దగ్గర ఉన్న ఒక్కరు నయం.

ఇనుముకు ఒక చిన్న కొలబద్ద ఉంది. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 8 మి.మీ. అయితే 0.395 కిలో, 12 మి.మీ. అయితే 0.889. కాంక్రీటు ఘనపరిమాణంలో ఒక శాతం ఇనుము ఉంటే ఘనమీటరుకు 78.5 కిలోలు. మామూలు స్లాబుకు బిల్లులో 150 పడిందంటే కడ్డీల వంపు పట్టిక, అంటే బార్ బెండింగ్ షెడ్యూల్, అడగండి.

6. టేపు పట్టండి

ఇప్పుడు ఎం బుక్ నకలుతో భవనంలోకి వెళ్లండి. రోగులకు అడ్డం రాకుండా మధ్యాహ్నం పూట వెళ్లండి, వైద్యాధికారికి ముందుగా చెప్పండి.

ఎం బుక్ పేజీలో వరుసలు ఇలా ఉంటాయి: సంఖ్య, పొడవు, వెడల్పు, ఎత్తు లేదా మందం, మొత్తం. స్లాబుకు “1 × 12.60 × 7.20 × 0.125 = 11.34” అని ఉందనుకోండి. అది ఘనమీటర్లు. బయటి కొలత కొలిచి చూశారు, సరిపోయింది. మంచిది. అదే పేజీలో కిందికి వస్తే టైల్స్ “1 × 12.60 × 7.20 = 90.72” అని కనబడింది. ఇక్కడ ఆగండి. స్లాబు గోడల మీద కూర్చుంటుంది కనుక బయటి కొలత సరైనదే. టైల్స్ గోడ కింద పరవరు కదా! గోడ మందం 23 సెంటీమీటర్లయితే రెండు వైపులా తీసేయాలి: 12.14 × 6.74 = 81.82 చదరపు మీటర్లు. తేడా 8.90. లోపల గదుల మధ్య అడ్డగోడలు ఉంటే ఇంకా తగ్గుతుంది. చదరపు మీటరు వెయ్యి రూపాయలనుకున్నా, ఒక్క అంతస్తులో దాదాపు తొమ్మిది వేలు. సొమ్ము చిన్నదే. కాని స్లాబు కొలతను చూసి టైల్స్ కొలత రాసిన చేయి, రంగులకూ సీలింగ్ ప్లాస్టరింగ్‌కూ అదే కొలత రాసి ఉంటుంది. ఒక దారం దొరికితే లాగుతూ పోవడమే.

ఇక్కడే నా పరువు పోయిన కథ ఒకటి చెప్పాలి. పదవీ విరమణ తరువాత మా ప్రాంతంలోని ఒక భవనం లెక్క చూస్తూ, ప్లాస్టరింగ్‌లో తలుపుల మేరకు తగ్గించలేదని నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను. ఒక కుర్ర ఇంజనీరు మర్యాదగా కూర్చోబెట్టి, “మాస్టారూ, ఒక వైపు తగ్గించాం, చూడండి” అని నేను దాటేసిన వరుస చూపించాడు. నియమం నాకు తెలియనిది కాదు, మరిచిపోయాను. అర చదరపు మీటరు లోపు ఖాళీలకు తగ్గింపు లేదు. అర నుంచి 3 చదరపు మీటర్ల వరకు ఒక వైపే తగ్గిస్తారు, ఎందుకంటే పక్క అంచుల ప్లాస్టరింగ్‌కు విడిగా డబ్బు ఇవ్వరు. 3 దాటితే రెండు వైపులా తగ్గించి, అంచులు కలుపుతారు. 1 × 2.10 మీటర్ల తలుపు 2.10 చదరపు మీటర్లు, అంటే ఒక వైపే. కట్టడాల పనులు కొలిచే భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 చెప్పేది ఇది. మీరు మాత్రం ఫిర్యాదు రాసేముందు ఈ పేరా ఇంకోసారి చదువుకోండి.

కొలతలో ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాకు గొడవ పడకండి. ప్లాస్టరింగ్ మందం ఉంటుంది, టేపు వంగుతుంది. ప్రతి కొలత రెండుసార్లు తీసి, ఇద్దరూ సంతకం పెట్టండి.

7. సముద్రపు గాలి లెక్క

విశాఖలో కట్టే భవనానికి ఇంకో పరీక్ష ఉంది. ఉప్పుగాలి తగిలే కాంక్రీటును ఐఎస్ 456 (కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణం) తీవ్రమైన పరిస్థితుల కింద లెక్కిస్తుంది. దానికి కనీసం ఎం30 కాంక్రీటు (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ), ఇనుము మీద 45 మి.మీ. కవర్, అంటే కాంక్రీటు పొర, కావాలి. గాలికి మరుగున ఉన్న భాగాలకు ఎం25, 30 మి.మీ. తీరానికి దగ్గరగా కట్టే భవనానికి అంచనాలో ఎం20 అని కనబడితే, అది కాంట్రాక్టరు తప్పు కాదు. బల్ల దగ్గర కూర్చుని డిజైను చేసినవారిది. అంచనా దశలోనే ప్రశ్నించాల్సిన విషయం. తరువాత పదేళ్లకోసారి మరమ్మతుల పద్దు కింద అదే డబ్బు రెండింతలుగా పోతుంది.

పని నడుస్తుంటే సెంట్రింగ్ మీద ఇనుము కింద కవర్ బ్లాకులు ఉన్నాయో లేదో ఫొటో తీయండి. కంకర ముక్కలు పెట్టి “అదే కవర్” అనే మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. క్యూబులు అంటే బలం పరీక్షించడానికి అదే కాంక్రీటుతో పోసే దిమ్మలు. వాటి లెక్క కూడా సులువే: 6 నుంచి 15 ఘనమీటర్ల కాంక్రీటుకు రెండు నమూనాలు, నమూనాకు మూడు క్యూబులు. మన 11.34 ఘనమీటర్ల స్లాబుకు ఆరు క్యూబులు ఉండాలి. నివేదికలో పోత తేదీ, పరీక్ష తేదీ చూడండి. 28 రోజుల పరీక్ష అని రాసి రెండు తేదీల మధ్య 12 రోజులే ఉంటే ఆ కాగితానికి విలువ లేదు. అన్ని క్యూబులకూ ఒకే బలం వచ్చినా అనుమానించండి, ప్రకృతిలో అంత క్రమశిక్షణ ఉండదు.

పైకప్పు మీద నీళ్ల ట్యాంకులు, సోలార్ పలకలు, రేకుల షెడ్లు ఎలా బిగించారో చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో రేకులు కాగితాల్లా ఎగిరాయి. తుప్పు పట్టే బోల్టులతో బిగించినదానికి తుప్పు పట్టని బోల్టుల ధర చెల్లించారేమో ఒప్పందంలో చూడండి.

8. “ఖర్చయింది” అన్న మాట నమ్మేముందు

వినియోగ ధ్రువపత్రం చూపించి “మొత్తం ఖర్చయింది” అంటారు. తొందరపడకండి. ఒక శాఖ తన డబ్బును కట్టే సంస్థకు జమ చేయగానే దాని పుస్తకాల్లో అది ఖర్చు కింద పడవచ్చు. కట్టే సంస్థ ఖాతాలో మాత్రం ఆ డబ్బు అలాగే మూలుగుతూ ఉండవచ్చు. కాబట్టి వినియోగ పత్రం ఒకరి దగ్గర, చెల్లించిన బిల్లుల జాబితా ఇంకొకరి దగ్గర అడిగి, రెండు మొత్తాలూ సరిపోల్చండి.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. పని పూర్తయి, బిల్లు పెట్టి, చెల్లింపు రాక కాంట్రాక్టరు వదిలేసిన భవనాలు ఉంటాయి. అక్కడ “పని నాసిరకం” అని అరిచే ముందు బిల్లు పెట్టిన తేదీ, డబ్బు పడిన తేదీ అడగండి. బాకీ చెల్లించకుండా ఆపేసిన పని కూడా ప్రజాధనానికి నష్టమే. సగం కట్టిన స్లాబు బయటికి చాచిన ఇనుము వర్షంలో నానుతూ ఉంటుంది.

9. తాళం తీశారా?

రంగులు వేసి రిబ్బను కత్తిరించడంతో లెక్క ముగిసినట్టు కాదు. అప్పగింత పత్రం అడగండి. ట్రాన్స్‌ఫార్మర్ బిగించి ఈపీడీసీఎల్ కరెంటు ఇచ్చిందా, నీళ్లు వస్తున్నాయా, అగ్నిమాపక అనుమతి ఉందా, ఎక్స్‌రే గదికి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి వచ్చిందా. చక్కగా కట్టి, కరెంటు కోసం ఏడాది తాళం వేసుకున్న భవనాన్ని చూశాను. కట్టడానికి పద్దు ఉంది, కనెక్షన్‌కు లేదు.

ఒప్పందంలో లోపాల బాధ్యత గడువు ఎంతో చూసి గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. ఆ గడువులో కారినా పగిలినా కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి; అతని సొమ్ము కొంత ఇంకా శాఖ దగ్గరే ఉంటుంది. గడువులోపు ఒక్క అక్టోబరు వానాకాలమైనా గడవనివ్వండి, సీలింగ్ మూలల్లో తడి మరకలు ఫొటో తీయండి. వానల దాకా ఆగలేకపోతే పైకప్పు గొట్టాలు మూసి 48 గంటలు నీళ్లు నిలబెట్టమని ఇంజనీరును కోరండి. గడువు ముగిసిన మర్నాడు ఫిర్యాదు రాస్తే, ఆ ఖర్చు మరమ్మతుల టెండరు కింద మళ్లీ మన జేబులోంచే పోతుంది.

10. తేడా దొరికితే

ముందు సంబంధిత కార్యనిర్వాహక ఇంజనీరుకు ఒకే పేజీ ఉత్తరం రాయండి: ఎం బుక్ నంబరు, పేజీ, అంశం, అందులో రాసినది, మీరు కొలిచినది, తేడా. ఎవరి మీదా దొంగ అన్న మాట వాడకండి. ఉమ్మడిగా తిరిగి కొలవమని అడగండి, 15 రోజులు ఆగండి. చివరి బిల్లు ఇంకా చెల్లించకపోతే అక్కడే సరిచేస్తారు, చాలా తేడాలు ఇలాగే సర్దుకుంటాయి.

కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే పేజీ ఇచ్చి రసీదు తీసుకోండి. జీవీఎంసీ పని అయితే ఆసీల్‌మెట్ట ప్రధాన కార్యాలయంలో ఇవ్వండి. తేడా పెద్దదై, కావాలని చేసినట్టు కాగితాలే చెబుతుంటే విజిలెన్స్ అండ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ లేదా లోకాయుక్త. లంచం అడిగితే మాత్రం ఈ మెట్లేవీ ఎక్కకండి, నేరుగా ఏసీబీకి వెళ్లండి.

మీకొచ్చిన ధ్రువీకరించిన నకళ్లను ఎవరికీ ఇవ్వకండి. వాటి జిరాక్సులే ఇవ్వండి. తిరిగి కొలిచే రోజు పిలుపు వస్తే మీ టేపు మీరే తీసుకెళ్లండి.